అత్త గిన్నె

నాన్న పోయి ఏడాది తిరిగేసరికి వేసవి సెలవులొచ్చాయి. ఆ సెలవులన్నీ అమ్మ నన్ను వెంటబెట్టుకుని చుట్టాలిళ్లు తిరిగింది, సంవత్సరీకానికి రమ్మని చెప్పడానికి. నేను విజయనగరంలో టీచర్ని. తమ్ముడు శ్రీకూర్మం దగ్గర మా ఊళ్లో వ్యవసాయం చేస్తాడు, అమ్మ వాడి దగ్గరే ఉంటుంది. ఫోన్లున్నది ఎందుకమ్మా, ఒక మాట చెప్పేస్తే సరిపోదా అన్నాను. "పెళ్లికైతే పోన్ సేసినా పరిగెట్టుకొస్తారు. దీనికి గడప తొక్కి సెప్పాల," అంది. నాకు ఎండంటే ఒళ్లు మంట, చుట్టాలంటే అంతకన్నా మంట. అయినా అమ్మ సంచి సర్దేసుకుని వాకిట్లో నిలబడితే ఏం చేస్తాను, చెప్పులేసుకున్నాను.

ముందు శృంగవరపుకోట వెళ్లాం, మేనమామ ఇంటికి. ఏడాది తిరిగినరోజు అమ్మకి పుట్టింటి చీర ఆయనే తేవాలి, అందుకని తొలి పిలుపు ఆయనకే. కొబ్బరిబొండాలు కొట్టించి, ఫ్యాను మా వైపు తిప్పి, నాన్న గురించి మొదలుపెట్టాడు. "బావలాంటి మనిషి మళ్లీ పుడతాడేటి? పుట్టడు," అని కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. నాన్న బతికుండగా ఆయనతో నాలుగు మాటలు సవ్యంగా మాట్లాడి ఎరగడు. చచ్చినవాడి కళ్లు చేరెడని ఊరికే అనలేదు. నేను బొండాం నీళ్లు తాగుతూ నోరు మూసుకుని కూర్చున్నాను, అది నాకు చాలా కష్టమైన పని.

మేం లేవబోతుంటే ఆయన అడిగాడు. "మరా బొబ్బిలావిడ వస్తాదా? వచ్చినా మెతుకు ముట్టుకుంటాదా? పోయినేడు సూసేం గదా."

"వస్తాది. తింటాది. నాను తినిపిస్తాను," అంది అమ్మ.

బొబ్బిలావిడ అంటే మా మేనత్త, నాన్నకి అక్క. నాన్న అప్ప అని పిలిచేవాడు. వయసులో ఉండగా బొబ్బిలిలో బాప్టిస్టు కుటుంబానికి చెందిన ఒక మాస్టారిని పెళ్లి చేసుకుని, బాప్తిస్మం తీసుకుంది. తాతయ్య ఉన్నన్నాళ్లూ ఆవిణ్ణి గుమ్మం ఎక్కనివ్వలేదు. తాతయ్య పోయాక నాన్న బొబ్బిలి వెళ్లి అక్కని వెంటబెట్టుకుని తీసుకొచ్చాడు. అప్పట్నుంచీ పండక్కీ పబ్బానికీ వస్తూనే ఉండేది. ఒక్కటే నియమం: దేవుడికి గానీ, పోయిన పెద్దలకి గానీ పెట్టిన అన్నం ఆవిడ తినదు. మా ఇంట్లో ఏ పండగైనా వండిన గిన్నెలన్నీ పెద్దల పటం ముందుకి చేర్చి, సాంబ్రాణి వేసి, కొబ్బరికాయ కొట్టాకే అందరూ తినాలి. ఒకసారి పటం ముందుకెళ్లిన గిన్నె మొత్తం పెద్దలకి పెట్టినట్టే లెక్క. అందుకని గిన్నెలు కదిలేలోపే అన్నం, పప్పు, కూర కొంచెం కొంచెం ఒక మూతగిన్నెలోకి తీసి వంటింట్లో ఉంచేవారు. దానికి మా ఇంట్లో అత్త గిన్నె అని పేరు. చిన్నప్పుడు మేం ఆకలికి ఆగలేక ఆ గిన్నెలో చెయ్యి పెట్టి దెబ్బలు తిన్నాం.

పోయినేడు నాన్న పెద్దదినానికి అత్త వచ్చింది. గుండెలు బాదుకుని ఏడ్చింది. ఏడ్చి, భోజనాల వేళకి కొడుకు కారులో వెళ్లిపోయింది. అమ్మని లోపలి గదిలో కూర్చోబెట్టేశారు కాబట్టి ఏం జరిగిందో అమ్మకి సాయంత్రం దాకా తెలియదు. తెలిశాక ఊళ్లో ఆడవాళ్లు వరసగా వచ్చి అదే మాట అన్నారు, ఆడపడుచు ఎంగిలి పడకుండా వెళ్లిపోతే పోయినవాడికి ఆకలి తీరదని. ఆ మాట అమ్మ గుండెలో ముల్లులా దిగిపోయింది. అప్పుడప్పుడు అన్నం ముందు కూర్చుని చెయ్యి ఆపేసేది. "మీ నాన్న కల్లోకొస్తన్నాడే. ఆకు ముందు కూకుంటన్నాడు. ఆకులో ఏటీ నేదు," అనేది. నేను సైన్సు చెప్పుకునే మనిషిని. చనిపోయినవాళ్లకి ఆకలేమిటమ్మా అన్నాను ఒకసారి. ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత నేను ఆ మాట ఎత్తలేదు. అమ్మ ఈ వేసవిలో ఎవరెవరి గడపలు తొక్కినా, ఆవిడకి కావలసింది ఒక్కటే. అత్త రావాలి, తన తమ్ముడి పేరు మీద నాలుగు మెతుకులు తినాలి.

బొబ్బిలి వెళ్లేసరికి అక్కడ ఇంకో పండగ. ఆ ఆదివారమే అత్త మనవరాలికి బాప్తిస్మం. డిగ్రీ చదువుతున్న పిల్ల, తెల్ల చీర కట్టుకుని నీళ్ల తొట్టిలో నడుం లోతు దిగింది. పాస్టరుగారు ఒక చెయ్యి వీపు వెనక వేసి, వెనక్కి వాల్చి, ముంచి లేపారు. పిల్ల ఊపిరందక దగ్గుతూ నవ్వింది. చర్చిలో అందరూ పాట ఎత్తుకున్నారు. అమ్మ ఆడవాళ్ల వైపు చాప మీద, చెంగు నెత్తి మీద కప్పుకుని, నా పక్కనే కూర్చుంది. కళ్ల నీళ్లు పెట్టుకుంది. ఎందుకమ్మా అంటే, "మీ నాన్నుంటే ముందు వరసలో కూకునీవోడు," అంది.

తర్వాత రొట్టె, ద్రాక్షరసం పంచారు. పళ్లెం మా వరసకొచ్చేసరికి అమ్మ ప్రసాదం పట్టినట్టు కుడిచెయ్యి చాపింది. పక్కనున్న అత్త ఆ చేతిని మెల్లిగా పట్టుకుని దింపేసింది. "ఇది మునిగినోళ్లకే, మరదలా," అంది చెవిలో. నాకు చురుక్కుమంది. ఇంత దూరం ఎండలో పడొచ్చిన మనిషి చెయ్యి కిందికి దించుతారా అని. అమ్మకి మాత్రం ఏమీ అనిపించలేదు. చెయ్యి ఒళ్లో పెట్టుకుని, "మీ దేవుడి కాడా పట్టింపులున్నాయన్నమాట," అంది. "ఉండవేటే మరి," అంది అత్త. ఇద్దరూ నవ్వాపుకుంటూ కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు.

మధ్యాహ్నం అత్త వాళ్లింట్లో అందరికీ కోడి బిర్యానీ. నాన్న పోయిన దగ్గర్నుంచి అమ్మ ఏడాది వెళ్లేదాకా నీచు ముట్టనని మొక్కుకుంది. మేం చెప్పలేదు గానీ అత్తకి ఎలా తెలిసిందో, ఎప్పుడు వండిందో, పప్పూ దొండకాయ వేపుడూ వేరే గిన్నెల్లో చేసి మూతపెట్టి ఉంచింది. వడ్డిస్తూ తన కోడలితో అంది. "ఇలా తీసి ఉంచడం నాకు నేర్పింది ఈవిడేనే. ఎన్నేళ్లయినా, ఎంత సందడిలో ఉన్నా, నా తమ్ముడైనా మర్చిపోతాడేమో గానీ నా మరదలు నాకు తీసి ఉంచడం మర్చిపోదు." అమ్మ తలొంచుకుని పప్పు కలుపుకుంది. పొగిడితే అమ్మ ఎప్పుడూ అంతే అనుకున్నాను.

అన్నాలయ్యాక అమ్మ పిలుపు చెప్పింది. పోయినేడు ఎందుకు వెళ్లిపోయావని అడగలేదు. "ఈసారి తిని ఎల్లాల వదినా," అంది, అంతే. అత్త కొడుకు గుమ్మంలో నిలబడి విన్నాడు. చర్చి సంఘంలో పెద్ద అతను, మర్యాదస్థుడే. "అమ్మకి షుగరు, అత్తా. ఎండలో అంత దూరం ఎందుకు? అయినా అది సచ్చినోళ్లకి పెట్టీ బోజనం గదా. సంఘంలో మాటొస్తాది," అన్నాడు. అత్త వాడి వైపు చూడనైనా చూడలేదు. "పోయినేడు నీ మాటిని ఎలిపోనాను. ఏడాది నుంచి నా కడుపులో అదే ఉన్నాది. నాను ఎల్తాను, తింటాను. నాకు తీసి ఉంచిందే తింటాను, దానికేటి పాపం?" అంది. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని, "తీసి ఉంచుతాను వదినా. ఒట్టు," అంది. తిరుగు బస్సులో అమ్మ కిటికీకి తలానించి నిద్రపోయింది. ఏడాదిలో ఆవిడ అంత నెమ్మదిగా నిద్రపోవడం చూడలేదు.

సంవత్సరీకం రోజు పొద్దున్నే తమ్ముడూ నేనూ శ్రీకూర్మం వెళ్లాం. మా వైపు పోయినవాళ్లకి పిండాలు అక్కడే పెడతాం, కాశీతో సమానమని. తమ్ముడు గుండు చేయించుకుని, పుష్కరిణిలో మునిగి, తడిపంచెతో వచ్చి పంతులుగారి ముందు కూర్చున్నాడు. వెనకనుంచి చూస్తే ఆ మెడ, ఆ భుజాలు అచ్చం నాన్నవే. నేను గట్టు మీద కూలబడ్డాను. పంతులుగారు నాన్న పేరు మూడుసార్లు పలికించారు. వాడు మూడోసారి పలకలేకపోయాడు. నువ్వులు, దర్భలు, పిండాలు అన్నీ అయ్యాక వాడు లోపల తాబేళ్లకి ఇంత తోటకూర పెట్టి వచ్చాడు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

వాడు ఇంటికెళ్లాడు. నేను ఆటో మాట్లాడుకుని శ్రీకాకుళం బస్సు కాంప్లెక్సుకి వెళ్లాను, అత్తని తీసుకురావడానికి. బొబ్బిలి బస్సు ఆలస్యంగా వచ్చింది. అత్త ఒక్కతే దిగింది, చేతిలో మామిడిపళ్ల సంచి. పొద్దున్న మాత్ర వేసుకుని రెండిడ్లీలు తిందట, అంతే. ఆటోలో దారంతా నాన్న చిన్నప్పటి సంగతులు చెప్పింది, ఈత రాకపోయినా చెరువులో దూకడం, ఈవిడ జుట్టు పట్టి లాగడం. ఎండ నెత్తి మీద పెటపెటలాడుతోంది.

మా ఇంట్లో అప్పటికే ఆకులు వేసేశారు. ఆడపడుచు కూర్చోవాలి, మొదటి ముద్ద ఆవిడ తినాలి, తర్వాతే మిగతావాళ్లు. అత్తకి మోకాళ్ల నొప్పులని తమ్ముడు కుర్చీ, బల్ల వేసి, బల్ల మీద ఆకు పరిచాడు. వెనక వరసలో మేనమామ, ఊరివాళ్లు. అత్త కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చుంది. "తీసి ఉంచేవా?" అని అడగలేదు. ఎప్పుడూ అడగదు.

నేను వంటింట్లోకి వెళ్లాను. అమ్మ గోడకానుకుని నిలబడి ఉంది. అరుగు మీద అత్త గిన్నె తోమి బోర్లించి ఉంది. పొద్దున్న నా కళ్ల ముందే అమ్మ దాన్ని చింతపండు పెట్టి తోమింది.

"ఏమైందమ్మా?"

"తీయలేదే," అంది. "తమ్ముడు గుండుతోటి వచ్చినాడు. మీ నాన్న పంచె ఇస్త్రీ సేసి పటం ముందు పెట్టినాడు. ఆ పంచె సూసీసరికి నాకేటీ తెలియలేదు. గిన్నెలందీయమంటే అందిచ్చీసినాను. అన్నీ ఎల్లిపోనాయి. అన్నీ ఆయన ముందు పెట్టీసినాం."

తమ్ముడు గుమ్మంలోకి వచ్చాడు. విన్నాడు. గొంతు తగ్గించి, "వడ్డించీ అమ్మా. ఎవలికి తెలుస్తాది? ఆవిడ అడగదు గదా. ఆకలితో ఉన్నాది, షుగరు మనిషి," అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకూ అదే బుద్ధి పుట్టింది. అమ్మకి కావలసింది అత్త తినడం. అన్నం గిన్నె పటం ముందు ఉంది, ఆకు ఎదురుగా ఉంది. నోరు మూసుకుంటే ఏడాది దిగులు ఆ క్షణంతో తీరిపోతుంది.

అమ్మ తమ్ముడికేసి చూసిన చూపు నేను మర్చిపోలేను. వాణ్ణి పక్కకి నెట్టి, ఉత్తచేతులతో బయటికి వెళ్లింది. అందరూ చూస్తుండగా అత్త బల్ల దగ్గర నిలబడి, "వదినా, నీకు తీయలేదు. మర్చిపోనాను. అన్నీ పెద్దలకి పెట్టీసినాం," అంది.

అత్త తలెత్తింది. వెనకనుంచి మేనమామ అందుకున్నాడు. "ఒక్క ముద్ద తింటే ఏటైపోతాది? సొంత తమ్ముడికి పెట్టిన అన్నమే గదా, విసమా?" నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మావయ్యా, నీ ఆకు నువ్వు చూసుకో," అన్నాను. పెద్దవాళ్లతో అలా మాట్లాడకూడదు. మాట్లాడాను.

అత్త అమ్మనే చూస్తోంది. "ఇన్నేళ్లూ మర్చిపోలేదు గదే నువ్వు. ఇవాళెలా మర్చిపోనావు?" అంది. కోపం లేదు ఆ గొంతులో. అర్థం కాలేదు ఆవిడకి.

"నాకెప్పుడు గుర్తుంది వదినా," అంది అమ్మ. "ఒక్కసారి కూడా నాకై నాకు గుర్తు రాలేదు. పదిమందికి వండే గోలలో ఎక్కడుంటాది? మీ తమ్ముడే వచ్చీవోడు. గిన్నెలు తీసే ముందు గుమ్మంలో నిలబడి, 'అప్పకి తీసేవా' అనీవోడు. అప్పుడు తీసీదాన్ని. నువ్వు నన్ను పొగిడితే ఆయన నవ్వుకునీవోడు, సెప్పొద్దనీవోడు. మొన్న మీ ఇంట్లో కూడా నాను సెప్పలేదు. ఇవాళ గుమ్మంలో ఎవలూ నిలబడలేదు."

పండగ రోజుల్లో నాన్న వంటింటి గుమ్మంలోకి రావడం నాకు తెలుసు. అందరికన్నా ముందు ఆకలేస్తుందని ఆయన్ని ఏడిపించేవాళ్లం. అక్క కోసం వస్తాడని మాలో ఒక్కరికీ తట్టలేదు.

అత్త బల్ల పట్టుకుని లేచింది. అయిపోయింది, వెళ్లిపోతుంది అనుకున్నాను. అమ్మ కూడా అదే అనుకుంది, దారికడ్డం నిలబడలేదు. అత్త మాత్రం వీధి వైపు కాకుండా వంటింట్లోకి నడిచింది. "బియ్యం డబ్బా ఎక్కడే?" అంది నాతో. నేను తీసిచ్చాను. గుప్పెళ్లతో తీసి కడిగి, తనే స్టవ్ మీద పడేసింది. ఆవకాయ జాడీ పటం ముందుకి వెళ్లలేదు, లోపలే ఉంది. పెరుగు తోడుపెట్టిన గిన్నె ఫ్రిజ్‌లో ఉండిపోయింది. అమ్మ చింతపండు నానేసి చారు పెట్టింది. ఇద్దరూ ఒకరి మోచెయ్యి ఒకరికి తగులుతూ ఆ ఇరుకు వంటింట్లో తిరిగారు. బయట ఊరివాళ్లు విసనకర్రలు విసురుకుంటూ కూర్చున్నారు. ఆడపడుచు తినేదాకా ఎవరూ చెయ్యి కడగరు. మేనమామ గొణుగుతూనే ఉన్నాడు, లేవలేదు మాత్రం.

అన్నం ఉడికాక అత్త బల్ల దగ్గరికి పోనంది. వంటింట్లోనే పీట వేసుకుని, మోకాళ్లు పట్టుకుని అతి కష్టమ్మీద కూర్చుంది. అమ్మని పక్కన కూర్చోమంది. నేను ఇద్దరికీ ఆకులేసి వడ్డించాను. పొగలు కక్కుతున్న అన్నం, చారు, ఆవకాయ ముక్క.

అత్త ఎక్కడ భోంచేసినా ముందు ప్రార్థన చేసుకుంటుంది. కళ్లు మూసుకుని, చేతులు జోడించింది. ఇంట్లో మాటాడే భాష వేరు, ప్రార్థనలో భాష వేరు ఆవిడకి. "ప్రభువా, ఈ ఆహారము కొరకు నీకు స్తోత్రములు. వండిన చేతులను ఆశీర్వదించుము. ఈ గృహమును కాపాడుము. నా తమ్మునికి ఆయుష్షును ఆరోగ్యమును..."

అక్కడ ఆగిపోయింది.

మా ఇంట్లో కూర్చుని తిన్న ప్రతిసారీ ఆవిడ చెప్పిన మాటలే అవి. అలవాటున నోటికొచ్చేశాయి. వాళ్ల సంఘంలో పోయినవాళ్ల కోసం ప్రార్థన చెయ్యరు. పోయినవాళ్లు దేవుడి చేతిలో ఉన్నారు, మనం అడగడానికి ఇంకేమీ లేదంటారు. ఆ మాట నాన్న పోయినరోజు అత్తే నాకు చెప్పింది, కంట్లో ఒక్క చుక్క తడి లేకుండా. ఇప్పుడు కళ్లు తెరవలేదు. మూసిన రెప్పల కిందనుంచి నీళ్లు కారి చెంపల మీదుగా మెడ మీదికి జారుతున్నాయి. "వాడు లేడు గదే," అంది చివరికి, చిన్నపిల్లలా.

అమ్మ కూడా ఏడుస్తోంది. ఏడుస్తూనే ఎడంచెయ్యి చాపి అత్త మోకాలి మీద వేసింది.

"ఆపీకు వదినా," అంది. "ఆ జాగా కాళీగా వదిలీకు. ఆయన బదులు అక్కడ నన్ను సెప్పు."

అన్నం మీద పొగ తగ్గిపోయింది. తర్వాత అత్త వదిలేసిన దగ్గర్నుంచే మళ్లీ ఎత్తుకుంది.

"నా మరదలికి ఆయుష్షును ఆరోగ్యమును దయచేయుము," అంది.

ఆమేన్ అన్నాక ఇద్దరూ చేతులు కడుక్కుని అన్నం కలుపుకున్నారు. మొదటి ముద్ద అత్త తింది.